గది నంబరు పదిహేడు

యాకిమాలో మా కోల్డ్ స్టోరేజీ గదులకి
అక్టోబరులో తలుపులు బిగిస్తాం.
లోపలి గాలి తోడేసి, ఆపిళ్ళకు
ఊపిరి ఆడీ ఆడనంత మిగులుస్తాం.
చావవు, ముగ్గవు.
జూన్‌లో తెరిస్తే నిన్న కోసినట్టు కరకరలాడతాయి.
పదకొండేళ్ళుగా నా పని ఇదే,
కాలాన్ని పెట్టెల్లో పేర్చి, మీటరు చూస్తూ కూర్చోవడం.

అందుకే రాష్ట్రం పంపిన కాగితం
నాకు వెంటనే అర్థమైంది.
ఇవాళ్టి ధరకు ఇవాళే కొనుక్కోండి,
పద్నాలుగేళ్ళ తర్వాత తీసుకోండి.
వంద యూనిట్లయితే ఒక ఏడాది చదువు.
అప్పటికి ఫీజు ఎంతకు ఎగబాకినా
మీ గదిలో సరుకు మీదే.

ఎలియసార్‌కు అర్థం కాలేదు.
అర్థం కాక కాదు, మింగుడు పడలేదు.
వంటింటి బల్ల మీద కాలిక్యులేటరు పెట్టుకుని
నెలకింత, అంటాడు. ట్రక్కు టైర్లు, అంటాడు.
పళ్ళ డాక్టరు, అంటాడు దవడ తడుముకుంటూ.
పిల్ల చదవనంటే?
తిరిగిస్తారు, కొంత కోసుకుని.
వేరే రాష్ట్రం పోతానంటే?
అక్కడా చెల్లుతుందట, లెక్క వేరే.
అసలు అప్పటికి కాలేజీలు ఇలాగే ఉంటాయా?
దానికి కాగితంలో జవాబు లేదు.
చివరి పేజీ చీమ అక్షరాల్లో కూడా వెతికాను.

బిడ్డ పుట్టకముందే కుల్లాయి కుట్టొద్దంటారు.
పుట్టింది. నాలుగేళ్ళు.
తల ఎంత ఎదుగుతుందో తెలియకుండానే
కొలత చెప్పమంటున్నారు.
ఇట్సెల్‌ని అడిగితే, పెద్దయ్యాక తను
మట్టి తవ్వే యంత్రం అవుతుందట.
నడిపే మనిషి కాదు,
యంత్రమే.

మా అత్త ఫెలిసితాస్ తన జన్మలో
ముందుగా డబ్బు కట్టింది ఒక్కదానికే, సమాధికి.
కొండవాలున, పొద్దుటెండ పడే వరుసలో,
నెలకు ముప్పై డాలర్ల చొప్పున తొమ్మిదేళ్ళు.
ఆఖరి రసీదు ఫ్రిజ్ మీద అంటించి
ఇక నన్నెవరూ ఖాళీ చేయించలేరు, అంది.
ఆవిడ పోయిన రోజున తెలిసింది
ఆ డబ్బు నేల వరకేనని.
తవ్వకం వేరే, రాయి వేరే,
శనివారం కాబట్టి ఇంకొంచెం.

ఆ సంగతి ఎలియసార్ ఎత్తలేదు.
నేనూ ఎత్తలేదు.
హాస్టలు వేరే, పుస్తకాలు వేరే అన్న వాక్యం దగ్గర
ఇద్దరి వేళ్ళూ కాసేపు ఆగాయి, అంతే.

కానీ రసీదు అంటించిన ఆ రాత్రి
ఆవిడెంత హాయిగా నిద్రపోయిందో
గోడకు ఇవతల పడుకుని విన్నదాన్ని నేను.
ఆ గురక ఖరీదు ఏ కాగితంలోనూ వేయరు.

నిన్న పదిహేడో గది తెరిచాం.
ఒక ఆపిల్ జేబులో వేసుకొచ్చాను.
ఇట్సెల్ ఒక పక్క కొరికి నా చేతికిచ్చి
మిగతాది దాచు, రేపు తింటా, అంది.
దాచాను.
తెల్లారేసరికి కొరికిన మేర తుప్పు రంగు.
ఒకసారి గాలి తగిలాక ఏదీ ఆగదని
పదకొండేళ్ళుగా తెలిసినదాన్ని,
దానికెలా చెప్పను?
ఆ మేర కోసేసి పెట్టాను.
కాళ్ళూపుకుంటూ తినేసింది.

పది యూనిట్లు, అన్నాడు ఎలియసార్ చివరికి.
వంద కాదు, పది. ఒక నెల చదువేమో.
నెల రోజుల్లో ఏం నేర్చుకుంటుంది?
తరగతి ఎటో, క్యాంటీన్ ఎటో.
దారి తెలుస్తుంది కదా, అన్నాడు.

ఫారంలో ఒక గడి ఉంది,
మొదట వాడుకునే సంవత్సరం.
ఇలాంటి అంకె నా చేత్తో ఎప్పుడూ రాయలేదు.
రెండు. సున్నా. నాలుగు.
అక్కడ పెన్ను ఆగింది.
పక్క గదిలో మట్టి తవ్వే యంత్రం
నిద్రలో గుర్రుమంటోంది.
కాసేపు విని
చివరి అంకె వేశాను.